దూరం, గాలి, గుండు: జింకవేట రైఫిల్ క్యాలిబర్ల చరిత్ర

పాశ్చాత్య వేట సాహిత్యంలో నూట యాభై ఏళ్లుగా తెగకుండా సాగుతున్న వాదాల్లో, జింకను దూరం నుంచి కొట్టడానికి ఏ క్యాలిబర్ రైఫిల్ తగినదన్న వాదం ఒకటి. క్యాలిబర్ అంటే తుపాకీ గొట్టం లోపలి వ్యాసం. ఇంగ్లండు, అమెరికాల్లో దీన్ని అంగుళంలో భాగాలుగా .303, .270, .30 అని రాస్తారు. ఐరోపా ఖండంలో 6.5, 7, 8 మిల్లీమీటర్లని రాస్తారు. అయితే పేరులోని అంకె కచ్చితమైన కొలతే కావాలన్న నియమం ఏదీ లేదు. .270 అని పేరున్న రైఫిల్ పేల్చే గుండు వ్యాసం నిజానికి .277 అంగుళం; .30 అని పిలిచేవాటి గుండు .308 అంగుళం. పైగా ఒకే వ్యాసం గల గుండును చిన్న ఇత్తడి డొల్లలో కొద్దిపాటి మందుతోనూ, పెద్ద డొల్లలో రెట్టింపు మందుతోనూ పేల్చవచ్చు. కాబట్టి వేటగాళ్లు క్యాలిబర్ గురించి వాదించుకునేటప్పుడు వారి మనసులో ఉండేది కేవలం గొట్టం వెడల్పు కాదు. డొల్ల, దాని అడుగున నిప్పు పుట్టించే టోపీ, లోపలి మందు, మూతి దగ్గర బిగించిన గుండు కలిసిన మొత్తం తూటా.

ఏ రైఫిల్ నుంచి వెలువడిన గుండైనా గొట్టం విడిచిన క్షణం నుంచే నేలవైపు దిగడం మొదలుపెడుతుంది. బరువైనది, తేలికైనది అన్న భేదం భూమ్యాకర్షణకు లేదు. గాలిలో గడిపే కాలం పెరిగినకొద్దీ గుండు దిగుదల పెరుగుతుంది. అందువల్ల దూరపు లక్ష్యాన్ని కొట్టదలచినవాడు ఆ దిగుదలకు సరిపడా గురిని ఎత్తి పట్టాలి. ఎంత ఎత్తాలో తెలియాలంటే లక్ష్యం ఎంత దూరంలో ఉన్నదో ముందు తెలియాలి. గురిపందేల్లో ఆ దూరం కొలిచి పెట్టి ఉంటుంది గానీ, కొండవాలు మీద మేస్తున్న జింక ఎన్ని గజాల్లో ఉన్నదో కంటితో అంచనా వేసుకోవలసిందే. జింక ఛాతీలో ఊపిరితిత్తులు, గుండెకాయ ఉండే చోటు ఎనిమిది నుంచి పది అంగుళాల మేర మాత్రమే. అక్కడ దెబ్బ తగిలితే జంతువు కొద్ది క్షణాల్లో కూలిపోతుంది. ఆ మేర దాటి కాలికో పొట్టకో తగిలితే గాయంతో పొదల్లోకి పారిపోయి, గంటల తరబడి యాతన పడి చనిపోతుంది. 19వ శతాబ్ది నడిమి నుంచి 20వ శతాబ్ది చివరి దాకా జింకవేట క్యాలిబర్లలో వచ్చిన మార్పులన్నిటి వెనుకా ఉన్నది ప్రధానంగా దూరాన్ని తప్పుగా అంచనా కట్టే మనిషి కంటి లోపాన్ని కప్పిపుచ్చే ప్రయత్నమే. దూరాన్ని పరికరాలు కొలిచి చెప్పడం మొదలయ్యాకే ఆ ప్రయత్నం దారి మళ్లి, గాలి అసలు ప్రత్యర్థిగా ముందుకు వచ్చింది.

పాత మందు, పెద్ద గొట్టం

గంధకం, బొగ్గు, సురేకారం కలిపి చేసే నల్లటి తుపాకిమందు తప్ప మరొకటి లేని రోజుల్లో గుండు వేగానికి ఒక హద్దు ఉండేది. మందు ఎంత దట్టించినా సెకనుకు 2,000 అడుగుల వేగం దాటించడం కష్టమయ్యేది కాబట్టి, దెబ్బ బలంగా తగలాలంటే గుండును పెద్దది చేయడం తప్ప మార్గాంతరం కనిపించలేదు. ఆ కాలపు బ్రిటిష్ తుపాకులను అంగుళాల్లో కాక బోర్ లెక్కలో చెప్పేవారు. ఒక పౌను సీసంతో గొట్టానికి సరిపడే గుండ్రటి గుండ్లు ఎన్ని పోయవచ్చునో ఆ సంఖ్యే బోర్. అందుచేత 14 బోర్ కంటే 12 బోర్ పెద్దది.

ఈ నల్లమందు రైఫిల్‌ను వేటకు అనువుగా శాస్త్రబద్ధం చేయడానికి ప్రయత్నించినవారిలో బెంగాల్ స్టాఫ్ కోర్ అధికారి, మధ్యభారతపు అడవుల్లో పనిచేసిన కెప్టెన్ జేమ్స్ ఫోర్సైత్ ముఖ్యుడు. ఆయన 1863లో ప్రచురించిన ‘ది స్పోర్టింగ్ రైఫిల్ అండ్ ఇట్స్ ప్రొజెక్టైల్స్’ అన్న గ్రంథంలో, సైనిక రైఫిళ్లలో అప్పటికి వాడుకలోకి వచ్చిన పొడవాటి బరువు గుండు వేటకు పనికిరాదని వాదించాడు. ఆ గుండు దూరం పోతుంది గాని నిదానంగా, పెద్ద వంపుతో పోతుంది. సైన్యం దళాలుగా నిలిచిన శత్రువు మీద దూరం కొలుచుకుని పేలుస్తుంది కాబట్టి అది చెల్లుతుంది, పొదల మధ్య మెరుపులా కనిపించి మాయమయ్యే దుప్పి విషయంలో చెల్లదు. అందుకు ఆయన చూపిన ఉపాయం, గుండ్రటి గుండు వెనుక బోలెడు మందు దట్టించడం. అలా దట్టించినప్పుడు గుండు గాడుల పట్టు తప్పి జారిపోకుండా గాడుల మెలిని బాగా తగ్గించాడు. గొట్టం లోపల మెలిపెట్టి కోసిన గాడులు గుండును తిప్పుతూ బయటికి పంపుతాయి, ఆ తిరుగుడే గుండును దారి తప్పనివ్వదు. మామూలు రైఫిళ్లలో మూడు నాలుగు అడుగులకు ఒక పూర్తి చుట్టు వచ్చే చోట, ఫోర్సైత్ తన 14 బోర్ రైఫిళ్లకు ఎనిమిది అడుగులకు పైగా నిడివిలో ఒక చుట్టు చాలునన్నాడు. గుండ్రటి గుండు గాలిలో తొందరగా వేగం కోల్పోతుందన్నది ఆయనకు తెలియని విషయం కాదు. వేటగాడికి కావలసిన నూరు, నూటయాభై గజాల లోపల గురిని మార్చే పని లేకుండా నేరుగా తగలడమే ముఖ్యమని ఆయన తేల్చాడు.

అదే ఆలోచనను లండన్ తుపాకి పనివారు మరో దారిలో సాధించారు. 1856లో జేమ్స్ పర్డీ రైలుబండి వేగాన్ని తలపించే ‘ఎక్స్‌ప్రెస్ ట్రెయిన్’ అన్న పేరుతో ఒక రైఫిల్ నమూనాను తెచ్చాడు. తేలికైన పొడవు గుండు, దాని వెనుక భారీ మోతాదు మందు అన్న ఆ సూత్రం మీద పుట్టినవే ఎక్స్‌ప్రెస్ రైఫిళ్లు. వీటిలో పేరుపొందిన .450 ఎక్స్‌ప్రెస్ గుండు సెకనుకు ఇంచుమించు 1,900 అడుగుల వేగం అందుకునేది. విక్టోరియా రాణి కుటుంబం 1852లో బాల్మోరల్ ఎస్టేటును కొన్న తర్వాత స్కాట్లండు కొండల్లో ఎర్రజింకల వేట ఇంగ్లండు సంపన్నుల వ్యసనంగా మారింది. అక్కడి పద్ధతి దుర్భిణితో మందను పసిగట్టి, గాలికి ఎదురుగా, చిత్తడినేల మీద గంటల కొద్దీ పాకుతూ జంతువును సమీపించడం. చివరికి పేల్చే దూరం వంద గజాలకు అటూ ఇటూ ఉండేది కాబట్టి ఎక్స్‌ప్రెస్ రైఫిల్ ఆ పనికి సరిగ్గా సరిపోయింది.

అట్లాంటిక్‌కు ఆవలి ఒడ్డున పరిస్థితి వేరు. అమెరికా సైన్యం 1873లో స్వీకరించిన .45-70 తూటాలో 405 గ్రెయిన్ల సీసపు గుండు, 70 గ్రెయిన్ల నల్లమందు ఉండేవి. గ్రెయిన్ అన్నది పదిహేను చేరితే సుమారు ఒక గ్రామయ్యే తూకం. దీని గుండు సెకనుకు 1,350 అడుగుల లోపు వేగంతో వెళ్లేది. నూరు గజాలకు గురి కుదిర్చిన ఈ రైఫిల్ రెండు వందల గజాల్లో సుమారు రెండడుగులు కింద కొడుతుంది. అంతకంటే ముఖ్యంగా, 200 గజాల్లో ఉన్న జింకను 150 గజాల్లో ఉన్నదని పొరబడి గురి పట్టినవాడి గుండు అడుగుకు పైగా కిందికి దిగుతుంది. అంటే ఛాతీకి గురిపెడితే కాలికో నేలకో తగులుతుంది. యాభై గజాల తేడాను, అందులోనూ లోయకు ఇవతలి నుంచి, కంటితో పోల్చుకోగలిగినవారు ఎప్పుడూ అరుదే.

ఆ బరువైన నిదానపు గుండు ఎందులో రాణిస్తుందో అదే కాలంలో మరోచోట రుజువయింది. 1874 సెప్టెంబరులో న్యూయార్క్ సమీపాన లాంగ్ ఐలండ్‌లోని క్రీడ్‌మోర్ మైదానంలో అమెరికా, ఐర్లండు జట్లు 800, 900, 1,000 గజాల దూరాల్లో పోటీపడ్డాయి. ఐర్లండువారు మూతి నుంచి మందు దట్టించే రిగ్బీ రైఫిళ్లతోనూ, అమెరికన్లు వెనుక నుంచి తూటా పెట్టే రెమింగ్టన్, షార్ప్స్ రైఫిళ్లతోనూ పేల్చారు. అమెరికా 934, ఐర్లండు 931 పాయింట్లు సాధించగా, ఐర్లండు ఆటగాడు ఒకడు పొరపాటున పక్క లక్ష్యాన్ని కొట్టడం ఆ స్వల్ప తేడాకు కారణమయింది. అక్కడ వాడినవి .44 క్యాలిబర్‌లో 500 గ్రెయిన్లకు పైబడిన పొడవాటి గుండ్లు. దూరం గజంతో సహా తెలిసిన చోట దిగుదల ఒక లెక్క మాత్రమే అవుతుంది. అప్పుడు వేగం కన్నా గాలికి చలించని బరువు, పొడవు ఎక్కువ పనికివస్తాయి. వేట ప్రపంచం ఈ పాఠాన్ని వందేళ్లకు పైగా పక్కన పెట్టింది, ఎందుకంటే వేటలో దూరం తెలిసేది కాదు.

పొగలేని మందు తెచ్చిన మార్పు

1884లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పాల్ వియెల్ నైట్రో సెల్యులోజ్‌తో పొగలేని మందును తయారుచేశాడు. రెండేళ్లకే ఫ్రాన్సు 8 మిల్లీమీటర్ల లెబెల్ రైఫిల్‌ను తన సైన్యానికి ఇచ్చింది. కొత్త మందు పొగను తగ్గించడమే కాక, అదే తూకానికి ఎంతో ఎక్కువ శక్తినీ, గొట్టం పొడవునా నిలకడగా సాగే ఒత్తిడినీ ఇచ్చింది. మెత్తటి సీసం ఆ వేగానికి గాడుల్లో అరిగిపోతుంది కాబట్టి గుండుకు రాగి లేదా రాగి మిశ్రమపు తొడుగు వేయవలసి వచ్చింది. దెబ్బకు బలం కావాలంటే గొట్టం వెడల్పు చేయాలన్న పాత సూత్రం దీనితో తలకిందులయింది: .45, .50 క్యాలిబర్లు చేసిన పనిని .30 క్యాలిబర్ మరింత దూరం నుంచి చేయసాగింది.

అమెరికాలో ఈ మార్పును సామాన్య వేటగాడి చేతికి అందించినది .30-30 తూటా. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన వించెస్టర్ 1894 నమూనా లీవర్ రైఫిల్ కోసం 1895లో దీన్ని విడుదల చేశారు. పేరులోని మొదటి 30 క్యాలిబర్‌ను, రెండో 30 పొగలేని మందు తూకాన్ని గ్రెయిన్లలో సూచిస్తాయి. గుర్రం జీనుకు తగిలించుకోవడానికి వీలైన ఆ తేలిక రైఫిల్ అమెరికా తూర్పు అడవుల్లో తెల్లతోక జింకల వేటకు తరతరాల పాటు ప్రామాణికంగా నిలిచింది. అయినా దాని పరిధి నూటయాభై, రెండు వందల గజాల వద్దే ఆగిపోవడానికి మందు కాదు, తూటాలను నిలవచేసే పద్ధతి కారణం. గొట్టం కింద అమర్చిన పొడవాటి మ్యాగజైన్‌లో తూటాలు ఒకదాని వెనుక ఒకటి వరసగా ఉంటాయి. వెనుక తూటా గుండు ముక్కు ముందు తూటా టోపీకి ఆనుకుని ఉంటుంది. మొనదేలిన గుండు పెడితే తుపాకీ అదిరినప్పుడు మ్యాగజైన్ లోపలే పేలుడు జరిగే ప్రమాదం ఉన్నది కాబట్టి, ఈ రైఫిళ్లకు మొద్దు ముక్కు గుండ్లే వాడవలసి వచ్చింది. మొద్దు ముక్కు గాలిని చీల్చలేక త్వరగా నెమ్మదిస్తుంది.

సూదిమొన గుండు విలువను ముందుగా గుర్తించినవి సైన్యాలు. ఫ్రాన్సు 1898లో, జర్మనీ 1905లో దాన్ని ప్రవేశపెట్టాయి. 1898లో క్యూబాలో స్పెయిన్ దళాల 7 మిల్లీమీటర్ల మౌజర్ రైఫిళ్ల ధాటిని చవిచూసిన అమెరికా, ఆ తరహా రైఫిల్‌ను 1903లో తయారుచేసుకుని, 1906లో దానికి 150 గ్రెయిన్ల సూదిమొన గుండును సెకనుకు 2,700 అడుగుల వేగంతో పంపే తూటాను సమకూర్చింది. ఆ ఏటి పేరుతోనే అది .30-06 అయింది. రెండు ప్రపంచ యుద్ధాల్లో లక్షలాది యువకులు ఈ తూటాతో గురి నేర్చుకుని, ఇంటికి వచ్చిన తర్వాత దానినే జింకవేటకు ఎంచుకున్నారు. యుద్ధానంతరం సైన్యం అమ్మేసిన రైఫిళ్లు చవకగా దొరకడం, తూటాలు ఏ ఊరి దుకాణంలోనైనా లభించడం ఆ ఎంపికను మరింత బలపరిచాయి. జింక దేహధర్మాన్ని బట్టి కాక సైన్యం అవసరాన్ని బట్టి వేట క్యాలిబర్ స్థిరపడిన సందర్భాల్లో ఇది అతిపెద్దది.

మూడు వేల అడుగుల ఆకర్షణ

న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరపు న్యాయవాది చార్లెస్ న్యూటన్ గుండును ఇంకా తేలిక చేసి, డొల్లను ఇంకా పెద్దది చేస్తే దూరం సమస్య దానంతట అదే తీరుతుందని నమ్మాడు. ఆయన రూపకల్పనలో సావేజ్ కంపెనీ 1915లో విడుదల చేసిన .250-3000 తూటా, సెకనుకు మూడు వేల అడుగుల వేగాన్ని అందుకున్న తొలి అమెరికన్ వాణిజ్య తూటాగా ప్రసిద్ధి పొందింది. న్యూటన్ వేటకు 100 గ్రెయిన్ల గుండు మేలని భావించగా, మూడు వేలు అన్న అంకె ప్రకటనల్లో కనిపించాలని కంపెనీ 87 గ్రెయిన్లకు కుదించింది. వ్యాపారపు లెక్క గుండు తూకాన్ని నిర్ణయించడం ఇది మొదటిసారి కాకపోయినా, తూటా పేరులోనే ఆ సంగతి ఇంత బాహాటంగా కనిపించడం కొత్త.

వేగం మీది ఈ మోజు పరిణతి చెందిన రూపం 1925లో వించెస్టర్ తెచ్చిన .270. 130 గ్రెయిన్ల సూదిమొన గుండు సెకనుకు 3,100 అడుగులకు పైబడిన వేగంతో వెళ్లే ఈ తూటాకు ఎదురులేని ప్రచారకుడిగా నిలిచినవాడు, అరిజోనా విశ్వవిద్యాలయంలో పాత్రికేయ విద్య బోధించి, తర్వాత ‘అవుట్‌డోర్ లైఫ్’ పత్రికలో దశాబ్దాల పాటు తుపాకుల శీర్షిక రాసిన జాక్ ఓకానర్. ఆయన పాఠకులకు నూరిపోసిన సూత్రం ఇది: నూరు గజాల్లో గుండు గురికి మూడంగుళాల పైన తగిలేలా రైఫిల్‌ను సరిచేసుకుంటే, సుమారు మూడు వందల గజాల దాకా అది గురిరేఖకు మూడు నాలుగు అంగుళాలు మించి పైకి గాని కిందికి గాని పోదు. అంటే ఛాతీ నడుమ గురిపెట్టినంత కాలం, జింక 120 గజాల్లో ఉన్నా 280 గజాల్లో ఉన్నా దూరం గురించి ఆలోచించే పనే లేదు. .45-70తో అడుగుకు పైగా తప్పించిన ఆ యాభై గజాల పొరపాటు, 150, 200 గజాల మధ్య .270తో సుమారు రెండంగుళాలకు తగ్గిపోతుంది. ఫోర్సైత్ 1863లో నూటయాభై గజాలకు కోరుకున్న సౌకర్యం అరవై ఏళ్ల తర్వాత రెట్టింపు దూరానికి విస్తరించింది. 1930లో విలియం వీవర్ సామాన్యుడికి అందే ధరలో రైఫిల్ మీద బిగించే దుర్భిణిని, అంటే స్కోప్‌ను తయారుచేయడంతో ఆ దూరాల్లో లక్ష్యాన్ని స్పష్టంగా చూడటమూ సాధ్యమయింది.

ఓకానర్‌కు దీటైన ప్రతివాది ఐడహో రాష్ట్రానికి చెందిన పశువుల కాపరి, వేట మార్గదర్శి, రచయిత ఎల్మర్ కీత్. వేగంతో విర్రవీగే తేలిక గుండు ఎముకకు తగిలినప్పుడు పేలికలైపోతుందని, మృగం ఏ కోణంలో నిలిచినా దేహంలోకి లోతుగా దిగే పెద్ద బరువు గుండే నమ్మదగినదని కీత్ వాదం. వారిద్దరి వాదులాట పత్రికల్లో మూడు దశాబ్దాలకు పైగా సాగింది. వెనక్కి తిరిగి చూస్తే వారు చాలావరకు వేర్వేరు జంతువుల గురించి, వేర్వేరు భూముల గురించి మాట్లాడారన్నది స్పష్టమవుతుంది: ఓకానర్ అనుభవం నైరుతి ఎడారుల్లోని చిన్న జింకల మీద, కొండగొర్రెల మీద ఆధారపడితే, కీత్ అనుభవం దట్టమైన దేవదారు అడవుల్లో ఎల్క్ అనే గుర్రమంత దుప్పుల మీద ఆధారపడింది.

కీత్ ఎత్తిచూపిన లోపానికి పరిష్కారం క్యాలిబర్‌లో కాక గుండు నిర్మాణంలో దొరికింది. 1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో శక్తిమంతమైన .300 మాగ్నమ్ తూటాతో కొట్టిన మూస్ దుప్పి శరీరంలోకి తన గుండ్లు దిగకపోవడం గమనించిన జాన్ నోస్లర్, ముందుభాగం విచ్చుకుని వెనుకభాగం చెక్కుచెదరకుండా లోపలికి సాగేలా, రాగి తొడుగు నడిమధ్య అడ్డుగోడతో ఒక గుండును రూపొందించి 1948లో అమ్మకానికి పెట్టాడు. పార్టిషన్ అన్న పేరుతో అది నేటికీ తయారవుతున్నది. మంచి గుండు దొరికిన తర్వాత .270, .30-06 వంటి మధ్యతరహా తూటాలు అంతకు ముందు పెద్ద క్యాలిబర్లకే విడిచిపెట్టిన పనులను చేయగలిగాయి.

అయినా మార్కెట్టు వేగం వైపే పరుగెత్తింది. రాయ్ వెదర్బీ 1940 దశకంలో భారీ డొల్లలతో సొంత మాగ్నమ్ తూటాలను రూపొందించగా, రెమింగ్టన్ 1962లో 7 మిల్లీమీటర్ల మాగ్నమ్‌ను, వించెస్టర్ 1963లో .300 మాగ్నమ్‌ను తెచ్చాయి. మాగ్నమ్ అంటే మామూలు తూటా కన్నా ఎక్కువ మందు పట్టే పెద్ద డొల్ల గల తూటా. అవి మరో యాభై, డెబ్బై గజాల సౌకర్యం ఇచ్చిన మాట నిజమే గాని, భుజానికి తగిలే ఎదురుతాకిడిని బాగా పెంచాయి. ఆ తాకిడికి భయపడి మీట నొక్కే క్షణంలో కళ్లు మూసి ఒళ్లు బిగపట్టే వేటగాడు, తూటా ఇచ్చిన లాభాన్ని తన చేతులారా పోగొట్టుకున్నాడు.

ఒక గాడి మెలి చెప్పిన పాఠం

క్యాలిబర్ ఎంపికలో గొట్టం వెడల్పు, మందు మోతాదు కాక మూడో అంశం ఒకటి ఉన్నదని 1955లో ఒక వ్యాపార వైఫల్యం తెలియజెప్పింది. ఆ ఏడు వించెస్టర్ .243ను, రెమింగ్టన్ .244ను ఇంచుమించు ఒకే సమయంలో విడుదల చేశాయి. రెండింటి గుండు వ్యాసమూ ఒకటే, ఆరు మిల్లీమీటర్లు. డొల్లలో మందు పట్టే చోటు .244కే కొంచెం ఎక్కువ. కాని వించెస్టర్ తన గొట్టానికి పది అంగుళాలకు ఒక చుట్టు చొప్పున మెలిపెట్టగా, రెమింగ్టన్ పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు చాలుననుకున్నది. గుండు పొడవు పెరిగినకొద్దీ దాన్ని గాలిలో తిన్నగా నిలపడానికి మరింత వేగంగా తిప్పాలి. పన్నెండు అంగుళాల మెలి చిన్న జంతువులకు వాడే తేలిక గుండ్లను తిప్పగలిగింది గాని, జింకలకు వేటగాళ్లు కోరుకున్న 100 గ్రెయిన్ల పొడవు గుండుకు చాలలేదు. ఒకే రైఫిల్‌ను రెండు పనులకూ వాడాలనుకున్న కొనుగోలుదారులు .243 వైపు వెళ్లిపోయారు. 1963లో రెమింగ్టన్ మెలిని తొమ్మిది అంగుళాలకు కుదించి, తూటా పేరును 6 మిల్లీమీటర్ల రెమింగ్టన్ అని మార్చినా జారిపోయిన స్థానం తిరిగి దక్కలేదు.

దూరం తెలిశాక మిగిలింది గాలి

.270తోనైనా మాగ్నమ్‌లతోనైనా దూరాన్ని లెక్కచేయకుండా కొట్టగలిగే హద్దు మూడు వందల గజాలకు కొంత అటూ ఇటూగా ఉంటుంది. ఆ హద్దు దాటితే ఏ తూటా అయినా పాత కథకే తిరిగి వస్తుంది: 500 గజాల దగ్గర యాభై గజాల అంచనా తప్పితే, శక్తిమంతమైన మాగ్నమ్ గుండు సైతం ఎనిమిది, పది అంగుళాలు తప్పుతుంది. 1990 దశకం నడిమి నుంచి లేజర్ కిరణంతో దూరాన్ని కొలిచే చేతి పరికరాలు వేటగాళ్లకు అందుబాటులోకి వచ్చి, స్కోప్‌లపై దిగుదలకు తగినట్లు తిప్పుకునే మరలు వ్యాపించాక ఈ చిక్కు విడిపోయింది. క్రీడ్‌మోర్ మైదానంలో మాదిరే అడవిలోనూ దూరం తెలిసిపోవడంతో, గుండు కొంచెం ఎక్కువ దిగినా నష్టం లేకపోయింది. అప్పుడు ముందుకు వచ్చిన ప్రశ్న, గాలి దాన్ని ఎంత పక్కకు తోస్తుందన్నది.

పక్కగాలి ప్రభావం గుండు వేగం మీద కన్నా అది మార్గమధ్యంలో ఎంత వేగం కోల్పోతుందన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. గాలి నిరోధాన్ని ఒక గుండు ఎంత బాగా తట్టుకుంటుందో తెలిపే అంకెను బాలిస్టిక్ కోఎఫిషెంట్ అంటారు. వ్యాసానికి తగిన బరువు, సన్నని పొడవైన ఆకారం ఆ అంకెను పెంచుతాయి. అందుకు 6.5 మిల్లీమీటర్ల వ్యాసం బాగా కుదురుతుందని స్వీడన్ వేటగాళ్లు ఏనాడో అనుభవంతో గ్రహించారు. ఆ దేశ సైన్యం 1894లో స్వీకరించిన 6.5×55 తూటాతో వారు మూస్ దుప్పులనే వేటాడుతూ వచ్చారు. అమెరికాలో హార్నడీ కంపెనీ 2007లో గురిపందేల కోసం తెచ్చి, తర్వాత వేటలోనూ విస్తృతంగా వ్యాపించిన 6.5 క్రీడ్‌మోర్ ఈ సూత్రం మీదనే నడుస్తుంది. డొల్ల చిన్నది, తాకిడి తక్కువ, గాడుల మెలి ఎనిమిది అంగుళాలకు ఒక చుట్టు. 143 గ్రెయిన్ల పొడవైన గుండు సెకనుకు 2,700 అడుగుల వేగంతో, అంటే 1906 నాటి సైనిక తూటా వేగంతోనే బయలుదేరుతుంది. గంటకు పది మైళ్ల పక్కగాలి 500 గజాల్లో .270 తూటాలోని 130 గ్రెయిన్ల గుండును సుమారు పద్దెనిమిది అంగుళాలు తోస్తే, బయలుదేరేటప్పుడు అంతకంటే నిదానమైన ఈ గుండును సుమారు పదిహేను అంగుళాలు తోస్తుంది.

ఈ మూడంగుళాల లాభాన్ని దాని అసలు పరిమాణంలో చూడాలి. గాలి బలాన్ని వేటగాడు సగానికి తప్పుగా అంచనా వేస్తే ఏడు అంగుళాలకు పైగా దోషం వస్తుంది. ఛాతీ నడుమ గురిపెట్టినవాడికి ఇరువైపులా ఉన్న అవకాశం నాలుగైదు అంగుళాలే. లోయకు అవతల గాలి ఎలా వీస్తున్నదో తెలిపే పరికరం వేటగాడి చేతిలో లేదు. దీనికి తోడు గుండు 500 గజాలు చేరడానికి అర సెకనుకు పైగా పడుతుంది, ఆ వ్యవధిలో జింక ఒక అడుగు ముందుకు వేస్తే ఛాతీకి కొట్టిన దెబ్బ పొట్టకు తగులుతుంది. థియోడర్ రూజ్‌వెల్ట్ ప్రభృతులు 1887లో స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్, మనిషి ఉనికిని జంతువు పసిగట్టే అవకాశమే లేనంత దూరం నుంచి పరికరాల సామర్థ్యాన్ని పరీక్షించుకోవడం న్యాయమైన వేట కాదని ప్రకటించడానికి నేపథ్యం ఇదే.

చట్టం గీసిన గీతలు

క్యాలిబర్ ఎంపిక వేటగాడి ఇష్టానికి పూర్తిగా విడిచిపెట్టిన విషయం ఏనాడూ కాలేదు. జంతువు యాతన పడకూడదన్న ఉద్దేశంతో పలు దేశాలు కనీస హద్దులు విధించాయి, అయితే ఆ హద్దును దేనితో కొలవాలన్న విషయంలో ఒక్కో దేశానిది ఒక్కో దారి. ఇంగ్లండు చట్టం .240 అంగుళాల కనీస క్యాలిబర్‌ను, గొట్టం మూతి వద్ద 1,700 అడుగు-పౌన్ల శక్తిని కోరుతుంది. ఒక పౌను బరువును ఒక అడుగు ఎత్తడానికి పట్టే శక్తి ఒక అడుగు-పౌను. స్కాట్లండు 1985 నాటి ఉత్తర్వులో క్యాలిబర్ మాటే లేకుండా గుండు తూకాన్ని, వేగాన్ని, శక్తిని నిర్దేశించింది. జర్మనీ చిన్న రో జింకకు నూరు మీటర్ల దూరంలో 1,000 జౌళ్లు చాలునని, అంతకు పెద్ద గిట్టల జంతువులకు 6.5 మిల్లీమీటర్ల క్యాలిబర్, అదే దూరంలో 2,000 జౌళ్లు ఉండాలని అంటుంది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం జింకలకు .24 క్యాలిబర్, 70 గ్రెయిన్ల విచ్చుకునే గుండు, నూరు గజాల్లో 1,000 అడుగు-పౌన్ల శక్తి కనీసమని నిర్ణయించింది. జనసమ్మర్దం గల ఒహాయో వంటి చదునైన రాష్ట్రాల్లో భయం దీనికి విరుద్ధమైనది. గురి తప్పిన గుండు ఎక్కడిదాకా పోతుందోనని అక్కడ దూరం పోయే సీసామెడ డొల్లలను నిషేధించి, 2014 నుంచి మెడ నొక్కని తిన్నని డొల్లల తూటాలను అనుమతించారు. ఆ నిబంధనకు తగినట్లు వించెస్టర్ 2019లో .350 లెజెండ్ అనే తూటాను ప్రత్యేకంగా తయారుచేయడాన్ని బట్టి, చట్టం క్యాలిబర్లను వడకట్టడమే కాక పుట్టిస్తుంది కూడా అని చెప్పవచ్చు. సీసపు విషం రాబందులకు చేటు చేస్తున్నదని కాలిఫోర్నియా 2019 నుంచి వేటలో సీసాన్ని పూర్తిగా నిషేధించింది. రాగి సీసం కంటే తేలిక కాబట్టి అదే తూకానికి గుండు పొడవు పెరిగి, మెలి ప్రశ్న మళ్లీ ముందుకు వచ్చింది; స్కాట్లండు 2023లో కనీస తూకాన్ని 100 నుంచి 80 గ్రెయిన్లకు తగ్గించడానికీ రాగి గుండ్లే కారణం.

భారతదేశంలో చట్టం క్యాలిబర్‌ను నిర్ణయించిన తీరు వేరు. ఇక్కడ పాలకుల దృష్టి జింక మీద కాక తిరుగుబాటు మీద ఉండేది. సైనిక తూటాలు ప్రజల చేతికి చిక్కకూడదని బ్రిటిష్ ప్రభుత్వం 1907లో .450 క్యాలిబర్‌ను నిషేధించడంతో లండన్ పనివారు .465, .470 వంటి కొత్త కొలతలను ప్రచారంలోకి తెచ్చారు. అదే భయంతో .303ను సైతం ప్రైవేటు వ్యక్తులకు నిరాకరించగా, ఆ లోటును ఆస్ట్రియా సైన్యపు 8 మిల్లీమీటర్ల మాన్‌లిఖర్ తూటా .315 పేరుతో భర్తీచేసింది. ఆ తూటా పుట్టిన దేశంలో మూలపడినా, స్వతంత్ర భారత ఆయుధ కర్మాగారాలు .315 రైఫిల్‌ను తయారుచేస్తూనే ఉన్నాయి. నిషిద్ధ బోర్, అనిషిద్ధ బోర్ అన్న విభజన నేటి ఆయుధ నిబంధనల్లోనూ నిలిచి ఉన్నది. జింకవేట మాత్రం నిలవలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేయగా, 1991 సవరణతో లైసెన్సు వేట అంతరించింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింకకు, తెలంగాణ రాష్ట్ర జంతువైన చుక్కల జింకకు తగిన క్యాలిబర్ ఏదన్న ప్రశ్నకు ఇక్కడ ఇప్పుడు చట్టబద్ధమైన జవాబంటూ ఏదీ లేదు.

వేట చట్టసమ్మతమైన దేశాల్లో .243 నుంచి .308 దాకా ఉన్న డజను ఆధునిక తూటాల్లో ఏది పట్టినా మూడు వందల గజాల లోపు జింక విషయంలో చెప్పుకోదగిన తేడా రాదన్నది ఈ నూట యాభై ఏళ్ల అనుభవపు సారం. గొట్టం వెడల్పుతో మొదలైన అన్వేషణ మందు, గుండు ఆకారం, నిర్మాణం, గాడి మెలి అనే మెట్లు ఎక్కుతూ, ప్రతి మెట్టులోనూ తుపాకీ దోషాన్ని తగ్గించి మనిషి దోషాన్ని బయటపెట్టింది. చట్టాలు చాలావరకు శక్తికి కనీస హద్దు పెట్టి, దూరానికి గరిష్ఠ హద్దు పెట్టకుండా విడిచాయి. గాలిని ఎంత బాగా చదవగలడు, ఎంత నిలకడగా గురి పట్టగలడు అన్నదాన్ని బట్టి ఆ రెండో హద్దును ఏ వేటగాడికి ఆ వేటగాడే గీసుకోవలసి ఉన్నది.